షాలిని పేరు మీద

సౌదీలోని తాయిఫ్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి వెనక పార్కింగు. మధ్యాహ్నం డ్యూటీ మారే వేళ. కారులో ఇద్దరే: నర్సు షాలిని, ఆమె భర్త రాజ్‌కుమార్.

"ఇంజన్ ఆపకండి, ఏసీ ఉండనివ్వండి. ముందు నేనడిగిందానికి చెప్పండి. అమెరికాలో ఎవడో కంపెనీవాడికి నాతో ఏం పని?"

"ఏ కంపెనీ?"

"ఏ కంపెనీ అంట! నిన్న హెచ్చార్ వాళ్ళు పిలిపించారండీ నన్ను. వార్డు మధ్యలోంచి గ్లౌజులు కూడా తియ్యకుండా పరిగెత్తాను. ఆసుపత్రి అడ్రసుకే వచ్చింది ఉత్తరం. షాలిని గారి యాప్ మా పేటెంటుని వాడేసుకుంటోంది, నష్టం కట్టాలి అని."

"ఆసుపత్రికి పంపారా? ఛ. అక్కడికి పంపుతారనుకోలేదు."

"అంటే ఇంకెక్కడికో ముందే పంపారన్నమాట. ఎక్కడికి?"

"మెయిల్‌కి వచ్చింది. ఒకటి. తర్వాత ఇంకోటి."

"నాకు చెప్పలేదు."

"నువ్వు నైట్ డ్యూటీల్లో ఉన్నావ్ షాలూ. చెప్పి నిన్ను భయపెట్టడం ఎందుకని... అదే తేలిపోతుందిలే అనుకున్నా."

"తేలింది. హెచ్చార్ టేబుల్ మీద తేలింది. మీరు చేసిన యాప్‌ని నా పేరు మీద పెట్టిన రోజు ఏమన్నారు మీరు? పేరేగా, ఊరికే అలా ఉంటుంది, అన్నారు."

"మరి నా పేరు మీద ఎలా పెట్టను? ఇక్కడ ఉండనిచ్చే నా ఇకామా కార్డు మీదే రాసుందిగా, పని చేయడానికి అనుమతి లేదని. నీ డిపెండెంట్‌ని నేను. ఇక్కడ ఎప్పట్నించో ఉంటున్న కొర్నేలు అన్నయ్య కూడా అదే అన్నాడు. డిపెండెంటు పేరు ఎక్కడా బయటపడకూడదు, సిస్టర్ పేరు మీద పెట్టెయ్ అని."

"ఆయన చెప్పాడు, మీరు పెట్టేశారు."

"నువ్వూ సరేనన్నావ్."

"అన్నాను. బుద్ధి లేక అన్నాను. అసలు వాళ్ళేమంటన్నారు? హెచ్చార్ వాడు చదివాడుగానీ నాకు సగమే అర్థమైంది."

"ఒకళ్ళ డ్యూటీ ఇంకొకళ్ళు తీసుకుంటామని ఫోన్లో అడగడం, పైవాళ్ళు సరే అంటే పట్టికలో పేర్లు మారిపోవడం. ఈ పద్ధతి మాదే అంటన్నారు."

"డ్యూటీ మార్చుకోవడమా? అది వాళ్ళు కనిపెట్టారా?"

"పేటెంటు ఉంది మరి."

"మా వార్డులో రత్నమణి అక్క ఎప్పట్నించో చేస్తన్నది అదేగా! గ్లౌజుల డబ్బా మూత చింపి, వెనకాల పేర్లు రాసి, ప్యాంట్రీలో ఫ్రిజ్‌కి అంటించేది. ఫిలిప్పీను పిల్లకి నా శుక్రవారం డ్యూటీ కావాలంటే నా పేరు మీద గీత కొట్టి తన పేరు రాసుకునేది. మేట్రన్ వచ్చి టిక్కు పెట్టేది. దానికీ కట్టమంటారా వీళ్ళు?"

"అదే నేనూ అంటన్నాను! ఆ అట్టముక్కని ఫోన్లోకి తెచ్చాను, అంతే."

"వాళ్ళ యాప్ ఎలా ఉంటుంది?"

"వాళ్ళకి యాప్ లేదు."

"లేకపోవడం ఏంటి?"

"ఏమీ లేదు షాలూ. ఒక గది, అందులో లాయర్లు. మూతపడిపోయిన కంపెనీ దగ్గర ఈ పేటెంటు కొనుక్కున్నారు. ఇక మనలాంటి చిన్నచిన్నవాళ్ళని వెతికి ఉత్తరాలు రాయడమే పని. పెద్దవాళ్ళ జోలికి పోరు. వాళ్ళయితే తిరగబడతారు. చెన్నైలో ఒకబ్బాయి బెదిరిపోయి యాప్ తీసేశాడు. మనీలాలో ఒకాయన కట్టేశాడంట."

"మీరేం చేద్దామని?"

"కొట్లాడదామని. వెనక వాడు హారన్ కొడతన్నాడు, ఉండు, కాస్త ముందుకి తీస్తాను."

"తియ్యండి. తీసి చెప్పండి."

"ఒక లాయరు దొరికాడు. ఇలాంటివాళ్ళ మీద ఒళ్ళుమండి ఫీజు లేకుండా చూస్తాడంట. జవాబు రాసి పంపాడు. ఫ్రిజ్ మీద అట్టముక్క సంగతంతా వివరంగా పెట్టాడు. దాని మీద నీ సంతకం ఒక్కటి పడితే..."

"నా సంతకం."

"ఖాతా నీదిగా."

"ఏమనుంది అందులో? నసక్కుండా చెప్పండి."

"ఈ యాప్ నాది, నేనే తయారుచేశాను, దీన్ని నడిపేది నేనే అని."

"ఏవండీ. నేను నర్సుని."

"తెలుసు."

"తెలిస్తే ఆ కాగితం నాకు చూపించరు. రేపు రాసిమ్మన్నారు నన్ను, నీకు బయట వ్యాపారం ఉందా లేదా అని. ఉందంటే నా కాంట్రాక్టు పోయినట్టే. అసలే సౌదీవాళ్ళు తక్కువున్నారని నితాఖాత్ లెక్కలో మా ఆసుపత్రి ఎల్లో రంగులోకి దిగిపోయింది. సౌదీ పిల్లల్ని తీసుకోవాలి, మాలో ఎవర్ని పంపేద్దామా అని చూస్తన్నారు. అలాంటప్పుడు నేనే వెళ్ళి దొరికిపోవాలా?"

"అయితే లేదని రాయి."

"లేదంటే ఎవరిదంటారు. మా ఆయనది అనాలి. పని చేయకూడని మా ఆయన ఇంట్లో కూర్చుని చేసింది అనాలి. మిమ్మల్ని పట్టుకెళ్తే, నాన్నేడీ అని అడిగే జాయ్సీకి నేనేం చెప్పను?"

"సరే, యాప్ తీసేస్తాను. ఈ రాత్రికే తీసేస్తాను. గొడవ వదిలిపోతుంది."

"తీసేస్తే లెవీ ఎలా కడతాం?"

"ఏదో ఒక దారి ఉంటుందిలే."

"చెప్పండి. ఇక్కడ ఉన్నందుకు మీకూ జాయ్సీకీ నెలకి తలకింత అని సర్కారుకి కట్టాలి, అదీ ఏటేటా పెరిగిపోతోంది. మన బిల్డింగులో ఎవరున్నారిప్పుడు? పోయినేడు లెవీ పెట్టగానే అందరూ పెళ్ళాంపిల్లల్ని పంపించేశారు. ముగ్గురం ఒకచోట ఉన్నామంటే ఆ యాప్ మీదొచ్చే డబ్బుల పుణ్యమేగా."

"అందుకే కొట్లాడదామంటన్నాను! నువ్వేమో దేనికీ ఒప్పుకోవు. సంతకం వద్దు, తీసెయ్యడం వద్దు. కట్టేద్దామంటే వాళ్ళడిగింది నీ ఏడాది జీతం. నన్నేం చెయ్యమంటావ్?"

"నా మీద అరవకండి."

"అరవట్లేదు."

"అరుస్తన్నారు. నాకూ కోపంగా ఉంది. ఎందుకో తెలుసా? ఉత్తరం దాచినందుక్కాదు. కువైట్ నించి ఒకమ్మాయి నాకు ఫోన్ చేసింది ఆమధ్య. సిస్టర్, మీ యాప్ లేకపోతే మా అమ్మ పోయినప్పుడు నాకు సెలవు దొరికేది కాదు, ఎవరో పిల్ల వెంటనే నా డ్యూటీ తీసుకుంది, అని ఏడ్చింది. నేను థాంక్స్ చెప్పాను. మీరు వంటింట్లో అన్నం వారుస్తన్నారు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి."

"నాకు పేరక్కర్లేదు షాలూ. ఎన్నిసార్లు చెప్పాను?"

"నాకు కావాలి. మీరు చేసిందాన్ని మీది అనుకోవడానికి లేదు. ఎవడో దొంగవాడొచ్చి నాదంటే, కాదనడానికీ లేదు. ఇదేం బతుకండీ?"

"బతుకు సంగతి తర్వాత. నీకు డ్యూటీ టైమవుతోంది."

"అవనివ్వండి. ఒక్కటి చెప్పండి. ఇదే మీరు కాకినాడలో కూర్చుని, మీ పేరు మీద చేసుంటే?"

"ఏముంది? నాదే, నేనే రాశాను, ఏ కోర్టుకి లాగుతారో లాగండి అనేవాణ్ణి. మనం నోరెత్తలేమనేగా వాళ్ళ ధైర్యమంతా."

"ఆ లాయరు అప్పుడైనా చూస్తాడా?"

"ఇంకా బాగా చూస్తాడు. ఖాతా నీ పేరు మీంచి నా పేరు మీదకి మార్చడం కూడా తేలికే. అయినా అవన్నీ ఇప్పుడెందుకు? రేపు హెచ్చార్‌కి ఏం రాస్తావో అది తేల్చు."

"తేల్చేశాను. ఆ యాప్ నాది కాదు, మా ఆయనది, ఆయన ఇండియాలో ఉంటారు, అని రాస్తాను."

"ఇండియాలో ఎక్కడ? నీ పక్కన కూర్చునున్నాను నేను."

"కొన్నాళ్ళే."

"షాలూ..."

"చెయ్యి వదలండి. నేను వెళ్ళి పంచ్ కొట్టాలి. జాయ్సీని స్కూల్ నించి తెచ్చేటప్పుడు దానికి ఏమీ చెప్పకండి, ఇంటికొచ్చాక నేను చెప్తాను."

"ఏం చెప్తావ్? ఏం చేశావ్ నువ్వు?"

"మీ ఇద్దరికీ ఇక్కడ స్పాన్సర్ని నేనేగా. పొద్దున మీరు స్నానానికి వెళ్ళినప్పుడు ఫోన్లో సర్కారు వాళ్ళ అబ్షర్ తెరిచి, మీకూ జాయ్సీకీ ఇండియాకి పూర్తిగా వెళ్ళిపోయే ఫైనల్ ఎగ్జిట్ వీసా కొట్టేశానండీ."