చెంబు ఆగిన వాకిలి

ఆ పొద్దు ఉదయగిరి కొండ నెత్తిన మోడం కట్టి, ఇదిగో కురుస్తా అదిగో కురుస్తా అని ఊరించి, చినుకు రాలకుండానే చెదిరిపోయింది. ఊరి విత్తనపు పాతరలో జొన్నలు పోయినాయని, దొంగను పట్టేదానికి మంత్రించిన చెంబు నడిపించినారు; అది ఎవరి వాకిట ఆగితే వాళ్లే దొంగ. చెంబు పట్టిన కొండలయ్య ఇంటికొచ్చి పొయ్యి దగ్గర కూలబడినాడు. ఎదురుగా పెళ్లాం దేవకమ్మ.

“ఏమయ్యా, చెప్పు. చెంబు ఎట్ట నడిచింది?”

“ఎట్ట నడిచేదేంది? నడిచింది. నువ్వు చూళ్లేదా?”

“తలుపు సందులోంచి ఏం కనపడతాది, జనం కాళ్లు తప్ప. చెప్పు.”

“మంత్రగాడు నీళ్లు పోసి, పసుపుదారం చుట్టి, పాతర గట్టున నేల మీద పెట్టినాడు. ఎదురుకాళ్లతో పుట్టినోడు పడితేనే నడుస్తాది, అది నువ్వేగా, పట్టు కొండలయ్యా అన్నాడు పెద్దరెడ్డి. పట్టినా. నా చేతుల్ని లాక్కోని పోయింది.”

“నువ్వు నెట్టలా?”

“నేను నెట్టేదానికి మంత్రం ఎందుకే? దానంతట అదే పోయింది.”

“నిండు నీళ్ల చెంబు. కాళ్లా, చక్రాలా దానికి?”

“గాలికి కాళ్లుండాయా? పొద్దున మోడాన్ని తోలకపోలా?”

“గాలి తోలితే నా కొంగు గూడా ఎగిరింది. చెంబు నడిస్తే నీ చేతులొక్కటే కదిలినయ్యంటావు.”

“నీకెందుకే ఈ కూపీలు? దొంగ దొరికింది. అయిపోయింది.”

“దొంగా? మీ అన్న పెళ్లామయ్యా. పోయిన మీ అన్న పెళ్లాం, చెంచమ్మక్క!”

“నేనన్నానా? చెంబు అనింది.”

“పొద్దు వాలేలోగా ఊరు దాటాలన్నారంట. ఇంక ఆత్మకూరులో కరువుకు పెట్టిన గంజితొట్టే గతి. దోవ పొడుగునా మనుషులు పడిపోయి ఉండారని నువ్వే గదా చూసొచ్చి చెప్పింది?”

“దేవకీ, నోరు మూసుకో.”

“అక్క వాకిలికి ముందు మన వాకిలి ఉండాది గదా.”

“ఉండాది.”

“మన వాకిట ఏం చేసింది?”

“ఏం చేస్తాది? దాటింది.”

“దాటిందా, ఆగి దాటిందా? నేల గీరుకునే చప్పుడు ఇక్కడ ఆగిపోయింది. ఊపిరి బిగబట్టుకోని వింటా ఉండా.”

“నువ్వెందుకే ఊపిరి బిగబట్టింది?”

“నువ్వు చెప్పు ముందు.”

“నువ్వు చెప్పు.”

“నేనేం చెప్పను...”

“సరే, నేనే చెప్తా. రాత్రి నిద్రలో రోకలి చప్పుడు విన్నా. ధాత ఏడు పోయి ఈశ్వర ఏడు వచ్చినా చినుకు లేదు, ఈ ఊళ్లో దంచేదానికి ఏముండాదిలే, కల అనుకున్నా. చెంబు మీద చెయ్యేసినప్పటి నుంచీ అదే చప్పుడు చెవుల్లో. వద్దు వద్దు, మా ఇంటికి వద్దు అనుకుంటానే ఉండా. సూటిగా ఇక్కడికే వచ్చింది. ఆగింది. లాగితే రాదే! బండ మాదిరి కూచుంది. ఉన్న బలమంతా పెట్టి పక్కకు లాగినా.”

“లాగినావు. అంటే చెంబును నువ్వే నడిపినావు.”

“మన వాకిటికి తెచ్చింది నేను గాదు. దాటించింది నేను.”

“దాటించినోడివి, అక్క వాకిట ఎందుకాపినావయ్యా? ఇంకాస్త పోతే ఇళ్లే లేవు గదా, అంతా బీడే. బీట్లో వదలకపోయినావా?”

“బీటి దాకా పోదామనే లాగినానే! చేతుల్లో సత్తువ అక్కడికే అయిపోయింది. తిన్నదేముండాది, లాగేదానికి? చెంబు ఆగలా దేవకీ. నేను ఆగిపోయినా.”

“నేను పోతా. పెద్దరెడ్డికి చెప్తా, తీసింది నేనేనని.”

“పో. అప్పుడు మనల్ని తరుముతారు. మంచాన పడిన మా అమ్మను ఎవరు మోస్తారు? లేచి కూచోలేని మనిషిని నువ్వు మోస్తావా, నేను మోస్తానా? చెంబునే మొయ్యలేకపోయినా.”

“మీ అమ్మ కోసమే గదయ్యా తీసింది. ఎండిన పెదాల్ని నాలికతో తడుపుకుంటా, ఏదో నములుతా ఉన్నట్టు దవడలు ఆడిస్తా ఉంటే చూళ్లేకపోయినా. ఒడిలో పట్టినన్నే తెచ్చినా.”

“ఇంకా ఉండాయా?”

“ఈ కుండలో ఉండేదే.”

“అబ్బయా! కొండలయ్యా! ఉండావా ఇంట్లో?”

“అయ్యో, అక్క!”

“కుండ మీద మూతెయ్యి. ఎయ్యి!”

“రా అక్కా... రా, కూచో.”

“కూచునేదానికి రాలేదు దేవకీ. మూట కట్టుకున్నా. పోతా పోతా మీ ఆయన్ని ఒక్క మాట అడుగుదామని. అబ్బయా, ఇట్ట చూడు. చెంబు తనంతట తానే వచ్చిందా నా వాకిటికి?”

“వదినా...”

“నువ్వు నెట్టలేదు గదా?”

“నెట్టే సత్తువ నాకేడిది వదినా!”

“అంతే చాలు. నువ్వు కల్ల చెప్పేవోడివి గాదు. అయితే తీసింది నేనే.”

“అదేం మాట అక్కా!”

“మరి? దేవుడు నడిపిన చెంబు తప్పుతాదా? ఆకలికి కళ్లు బైర్లు కమ్మి, యాడ పడతానో యాడ లేస్తానో తెలీడంలా. నాకు తెలీకుండా నా కాళ్లే పాతర కాడికి పోయినయ్యేమో. ఈ చేతులే తీసినయ్యేమో. ఇల్లంతా దేవులాడినా, ఒక్క గింజ లేదు. తినేసింటా. ఎంత పాపిష్టి కడుపు చూడు, తిన్న సంగతి దానికీ గుర్తు లేదు.”

“ఊరుకో అక్కా. నేను చెప్తా ఇను, నేను...”

“దేవకీ!”

“...నేను కాస్త సంగటి పెడతా. తిని పో.”

“సంగటా? ఏడిదమ్మా?”

“ఉండాదిలే.”

“అత్తకు పెట్టినావా?”

“పొద్దున్నే జావ చేసి తాగించినా. కళ్లు తెరిచి నీ పేరే అడిగింది.”

“నా పేరా! అయితే పెట్టు. అబ్బయా, నువ్వూ రా. మీ అన్న పోయినాక మనం ఒక్కచోట కూచోని తినిందే లేదు.”

“నాకొద్దు వదినా.”

“వదిన పోతా ఉంటే ఒక్క ముద్ద తినవా? కూచో... ఆఁ, అట్ట. నువ్వూ పెట్టుకో దేవకీ... దేవకీ.”

“ఏందక్కా?”

“చేదుగా ఉండాది.”

“అడుగంటింది... నేను చూసుకోలా.”

“ఇది మాడిన చేదు గాదమ్మా. వేపాకు. పాతర పూడ్చే పొద్దు, పురుగు పట్టకుండా విత్తనానికి వేపాకూ బూడిదా పట్టించింది నేనే గదా. ఎన్ని నీళ్లతో కడిగినా ఈ చేదు పోదు.”

“వదినా, నేను పోయి చెప్తా! ఇప్పుడే పోయి ఆ పెద్దరెడ్డి కాళ్ల మీద పడి...”

“అరవబాక. అత్త ఇంటాది. కూచో అబ్బయా.”

“అక్కా, నన్ను కొట్టు. నాలుగు తిట్టు!”

“తిట్టేదానికీ బలం ఉండాల. ఇంకో ముద్ద పెట్టు దేవకీ. తినింది నేనే, దొంగను నేనే. ఊళ్లో ఎవురడిగినా చెంబుది తప్పు లేదని చెప్పండి.”

దేవకమ్మ ఇంకో ముద్ద పెట్టింది. ముగ్గురూ తలలు వంచుకోని తిన్నారు.