తడపని గోడ

హరూర్‌లో కడుతున్న గోడ కూలి, తొడ చీలి, ఒంట్లో నెత్తురు చాలా పోగొట్టుకున్న మేస్త్రిని ధర్మపురి ఆసుపత్రిలో చేర్చారు. నెత్తురు ఎక్కించాక ఆయనకు నోరు లేచింది గానీ, మంచానికి కట్టిన మూత్రం సంచి మాత్రం ఎండిపోయే ఉంది. పెళ్లాం చూపు దాని మీదనుంచి కదలడం లేదు.

"కిడ్నీలు రెండుండి ఏం లాభమే? రెండూ సోంబేరులే," అన్నాడు మేస్త్రి.

"వాటి తప్పు కాదంట మామా. నెత్తురు పోతా ఉంటే, నరాలే కిడ్నీలకు పోయే దారి బిగించేసినాయంట. మిగిలిందంతా గుండెకీ మెదడుకీ మళ్లించినాయని డాక్టరమ్మ చెప్పినాది."

"బలే పని చేసినాయి! నేనైనా అదే చేస్తాను. నీళ్ల లారీ రాకుంటే, ఉండే నీళ్లు సిమెంటు మాలు కలిపేదానికే. గోడ తడిపేది ఆపేస్తాను. గోడేమన్నా నోరు తెరిచి అడుగుతాదా?"

"అడగదు. ఈసారి కూడా ఆపినావా?"

"లారీ వచ్చినాక తడుపుదామనుకొన్నాను. వచ్చినాక గుర్తు లేకపాయ."

"నువ్వెక్కి నిలబడింది ఆ గోడేనా?"

ఆయన పైకప్పు వైపు చూశాడు.

"డాక్టరమ్మ ఇంకేం చెప్పినాది?"

"కొంచేపైతే కిడ్నీలు తట్టుకుంటాయంట. నెత్తురు ఎక్కించినాక కూడా నరాలు దారి విడవకుంటే, చెడిపోతాయంట."

మేస్త్రి తల తిప్పి మూత్రం సంచి వైపు చూశాడు. తరువాత గొంతు తగ్గించి అడిగాడు.

"నరాలకు గుర్తుంటాదంటావా?"