బంతి మావ పేరు

అదేటి బాబూ, మళ్ళీ అదే మాటా? పొద్దున్నుంచీ వొచ్చినోడల్లా అదే అడుగుతన్నాడు. నీ మొగుడి పేరేటి, నీ మొగుడి పేరేటి అని. నా మొగుడు ఆ గదిలో సాప మీద పడుకున్నాడు. పైన గుడ్డ కప్పీసేరు. ఎడం కాలు గుడ్డ బయటికొచ్చింది, బొటనేలికి గోరు సగం నేదు, రేవులో ఇనప పెట్టె పడి పోనాది. ఆయనే నా మొగుడు. ఇంకేటి కావాల మీకు?

ఆఁ? గట్టిగా సెప్పాలా? రేకుల మీద వాన అలాగుంది మరి. నాను సెప్పింది సగం మీకు వినబడదు, మీరు సెప్పింది సగం నాకు వినబడదు. ఉండండి, దగ్గిరికొత్తాను.

మీరు మన తెలుగోళ్ళే కదా, సెంద్రరావు బాబూ? "ఆసుపత్రిలో తెలుగు గుమస్తా ఉన్నాడే నరసమ్మా, ఆయన కాడికెల్లు, మన బాస తెలిసినోడు, మన బాద తెలుత్తాది" అని మా పక్కగది సిలకమ్మ పంపింది. మరి మన ఆడది మొగుడి పేరెత్తదని మీకు తెలీదా? మీ ఇంట్లో అమ్మగారు ఎత్తుతారా? సూసేరా, నవ్వొచ్చీసింది మీకు. కాదు కాదు, నవ్వు కాదు. తప్పయిపోనాది, ఏటేటో మాటాడేత్తన్నాను.

ఇంకెవులైనా సెప్పొచ్చంటారా? ఎవులు సెప్తారు బాబూ! మా కూలోళ్ళ బారక్కుల్లో ఆయనకి పేరేటి? బంతి మావ. పిల్లలకీ బంతి మావే, ముసిలోళ్ళకీ బంతి మావే. పుట్బాలంటే అంత పిచ్చి మరి. రేవులో మేస్త్రీకైతే ఇత్తడి బిళ్ళ మీద నంబరు. ఆ మేస్త్రీ నిన్నటి నుంచీ కంటికి కనబడ్డం నేదు, తన మీదకేటొత్తాదోనని. అసలు పేరు తెలిసినోళ్ళంతా కళింగపట్నం పక్కన మా ఊళ్ళో ఉన్నారు, సముద్రం అవతల. ఈ బర్మా ఒడ్డున నానొక్కర్తినే.

తెలుసు బాబూ. పేరు నేని శవాన్ని సాయంత్రానికి దిక్కులేనోళ్ళతో పాటు బండెక్కించి, ఊరవతల పూడ్సేత్తారు. ఇందాక సెప్పేరు కదా, మరిసిపోనేదు. ఆయన్ని పూడ్సకూడదు. మా సేతులమీద కాల్సుకోవాల. సెప్తాను. సెప్పననటం నేదు. కాసింత నా మాట ఇనండి ముందు. ఇన్నాక మీరే సెప్పండి, ఆ పేరు ఎత్తొచ్చో, ఎత్తకూడదో.

పాత మైదానం సూసేరా మీరు? చిమిండైంగు పేటలో, బజారెనకాల, నది గట్టు కింద? మైదానవని పేరే గానీ ఏటుందక్కడ? గోడ నేదు, గేటు నేదు, టిక్కట్టు నేదు. వెదుళ్ళు పాతి, బంతి కొట్టీ గోలు అదేనన్నారు. వానాకాలం ఆట కదా, కాలేత్తే బురద. బంతి నదిలో పడితే, అవతలొడ్డు దలా నుంచొచ్చే సాంపాను పడవోడు తెడ్డుతో ఒడ్డుకి తోసీవోడు, అందాకా ఆట ఆగిపోయేది. రేవులో పని దిగినోళ్ళు దిగినట్టే, బుజం మీద గోనె పట్టాలు అలాగే ఉంచుకుని వొచ్చి గీత మీద నిలబడీవోరు. గీత మీదంటే గీత మీదే! ఆటగాడు పరిగెడితే ఆడి కాలి బురద మన మొకాన పడేది. తిట్టుకుంటూ తుడుసుకునీవోళ్ళం. అదో సరదా.

ఆడోళ్ళా? ఆడోళ్ళకి అక్కడెవులడ్డు? బర్మా ఆడోళ్ళు సుట్ట కాల్సుకుంటూ మొగుళ్ళ పక్కనే కూకునీవోరు. నానూ మాయన పక్కనే నిలబడీదాన్ని. వానొత్తే ఆయన గోనె మడిసి నెత్తిన గూడులాగ సేసీవోడు. ఒక్క గోనె, ఇద్దరం. ఆయన బుజం సగం తడిసేది, నా బుజం సగం తడిసేది. ఆ గోనె కింద నిలబడి ప్రతీ తన్నుకీ నాకు అర్దం సెప్పీవోడు. "సూసేవా, ఎడం కాల్తో కొట్టేడు. సూసేవా, ఆడు దొంగెదవ, బంతిని వొగ్గీసి కాలు తన్నేడు." నాకు తెలీదా? ఎన్నేళ్ళు సూసేను! అయినా తెలీనట్టే ఊఁ కొట్టీదాన్ని. ఆయనకదే కులాసా.

మాకు పిల్లల్నేరు బాబూ. పుట్టనేదు. శనివారం నాడు అందరూ పిల్లలకి తలంట్లు పోసుకుంటుంటే, మేం బంతాటకెల్లీవోళ్ళం. అదే మా సంసారం.

మరా మైదానాన్ని ఎందుకు తీసీసేరో! గిడ్డంగులు కట్టాలన్నారు. ఆటకి కొత్త సోటు సూపించేరు, ఊరికి ఉత్తరాన. ట్రాము ఆగిపోయిన కాడ దిగి, అక్కణ్ణుంచి కాళ్ళు పీకీదాకా నడవాల. రేవులో పని దిగి అక్కడికెల్లేసరికి సగం ఆట అయిపోయేది. మాయన గుగ్గిళ్ళు నములుకుంటూ ముందు పరిగెట్టీవోడు, నాను ఎనకాల. ఎల్తే ఏటుంది? సుట్టూ గోడ. గోడ మీద గాజు పెంకులు, టిక్కట్టు కొననోడు ఎక్కి సూడకుండా. పడమటేపు దొరలకి రేకుల సావిడి, కుర్సీలు, ఎండ ఈపుకి తగిలీలాగ. తూర్పేపు మనోళ్ళకి వెదురు మెట్లు, ఎండ కళ్ళల్లో పడీలాగ. ఆయన నొసటికి సెయ్యడ్డం పెట్టుకుని సూసీవోడు. "బంతి కనబడ్డం నేదే, దొరల టోపీలు మాత్రం బాగా కనబడతన్నాయి" అనీవోడు ఇంటికొచ్చేక.

సరే, ఎండ ఓర్సుకుంటాం. దూరం నడుత్తాం. మమ్మల్ని విడదీసీసేరు బాబూ, అదీ నా కడుపుమంట. మెట్ల సివర, గేటు పక్కన, ఎత్తుగా ఒక మంచె కట్టేరు. మంచె సుట్టూ తడిక. అది తెలుగాడోళ్ళకంట! బర్మా ఆడోళ్ళు ఎక్కడ కావాలంటే అక్కడ కూకోవొచ్చు, మనం మాత్రం తడికెనకాల. ఎవులడిగేరది? దొరలడగనేదు. మన తెలుగు సంఘం పెద్దలే ఎల్లి అడిగేరంట, మన ఆడోళ్ళ మర్యాద కోసం. తమరూ సంఘంలో ఉన్నారా బాబూ?

తలొంచుకున్నారేటి? మిమ్మల్ననటం నేదు. మంచికే అడిగుంటారు. మంచికి కాక సెడ్డకి అడుగుతారా ఎవులైనా?

ఆ తడిక సందుల్లోంచి ఒక గోలే కనబడతాది. రెండో గోలు కాడ ఏటవుతుందో మొగోళ్ళ అరుపుల్ని బట్టి పోల్సుకోవాల. నాను ఆట సూడ్డం మానేసి మెట్ల మీద మాయన్ని సూసీదాన్ని. ఆయన లేసి నిలబడితే మనోళ్ళు బంతి పట్టుకెల్తన్నారని, తల పట్టుకుంటే పోనాదని. మరాయనేటి సేసీవోడు తెలుసా? పక్కన నాను ఉండను కదా, అలవాటు పోక, మంచె కేసి తిరిగి సేతులూపి సెప్పీవోడు. ఎడం కాల్తో కొడితే ఎడం కాలెత్తి సూపించీవోడు. జనం ఇరగబడి నవ్వీవోరు. నాను తడికెనకాల ఊఁ కొట్టీదాన్ని. ఆయనకి వినబడదు. అయినా కొట్టీదాన్ని.

నిన్న పొద్దున్న అన్నాను కూడా. "నాను రాను, నడవలేను, నువ్వెల్లిరా" అని. "నువ్వు రాకపోతే ఆట ఎవులికి సెప్పను?" అన్నాడు. ఆ మాటకింక ఏటంటాను? కొప్పు ముడేసుకుని బయల్దేరేను.

నిన్న మన రేవోళ్ళకీ ఇన్సేన్ రైలు కార్కానా వోళ్ళకీ ఆట. జనం ఎలాగొచ్చేరనుకున్నారు! వెదురు మెట్లు కిర్రు కిర్రుమన్నాయి. ఆట ఆకర్లో ఉందనగా వాన దిగినాది. మామూలు వాన కాదు, పక్క మడిసి మాట వినబడనేదు. దొరలకి రేకులున్నాయి. మొగోళ్ళకి నేవు, మాకూ నేవు. పాత మైదానంలోనైతే వానొత్తే ఏటి? నిలబడీవోళ్ళు నిలబడతారు, పోయీవోళ్ళు బజారు సూరుల కిందకి ఎటు దారుంటే అటు పోతారు. ఇక్కడ మనకి ఒక్కటే గేటు. దొరల గేటు వేరే ఉంది, తెరిసే ఉంది, మనకీ దానికీ మద్దిన ఇనప కంచె. మన గేటుకేమో తాళం, టిక్కట్టు నేనోళ్ళు ఆకర్లో జొరబడకుండా. పైగా దాని తలుపులు లోపలికి తెరుసుకుంటాయి. జనం వొచ్చి ఆనుకుంటే ఎలాగ తెరుసుకుంటాయి, మీరే సెప్పండి.

మంచె గేటు పక్కనే కదా, పైనుంచి మాకంతా కనబడతన్నాది. ముందున్నోళ్ళు వొద్దు వొద్దని అరుత్తన్నారు. ఎనకున్నోళ్ళకి ఆ వాన సప్పుడులో వినబడ్డం నేదు, తోసుకొచ్చేత్తన్నారు.

అప్పుడు సూసేను మాయన్ని. ఆయన బయటికి పోదావని రావటం నేదు బాబూ. మెట్ల మీదే కూకునుంటే ఏటీ కాకపోను! గోనె మడుసుకుంటన్నాడు. గూడులాగ సేసుకుంటన్నాడు. మంచె కేసి సూత్తన్నాడు. నాకు తెలిసిపోనాది. నాను తడిసిపోతన్నానని, నాకు గోనె తెత్తన్నాడు. మంచె మీదకొచ్చే మెట్లు ఆ గేటు కాడే ఉన్నాయి మరి.

సిలకమ్మ నా పక్కనుంది. ఆళ్ళాయనా ఆ గుంపులోకే దిగుతన్నాడు. సిలకమ్మ తడిక సీల్సీసి అరిసింది. "ఓ సూరమ్మ బాబూ! సూరమ్మ బాబూ! రాకు, ఎనక్కెల్లు!" సూరమ్మ ఆళ్ళ పిల్ల, దాని అయ్యనే బాబంటాం. అంత వానలో, అంత గోలలో, కూతురి పేరు ఆయన సెవిన పడ్డాది. తలెత్తేడు. సిలకమ్మ సెయ్యూపింది. ఎనక్కెల్లి మెట్లెక్కీసేడు. అదిగో, వసారాలో తల పట్టుక్కూకున్నాడే, అతనే. ఆడోళ్ళందరూ అలాగే పిలిసేరు, అప్పయ్య బాబూ అని, బాలామణి బాబూ అని. సానామంది తలెత్తేరు, సానామంది ఎనక్కి తగ్గేరు.

మరి నానేటని పిలవను? ఏ పిల్ల పేరెట్టి పిలవను బాబూ? నా కడుపున ఎవులున్నారు?

ఇంట్లో నాను "ఇదిగో" అనీదాన్ని. ఇదిగో, నీళ్ళు కాగినాయి. ఇదిగో, బువ్వ సల్లారిపోతన్నాది. ఇన్నేళ్ళ కాపరం ఆ ఒక్క మాటతోటే అయిపోనాది. అదే అరిసేను. "ఇదిగో! ఇదిగో! రాకు!" అని గొంతు సిరిగిపోయీలాగ అరిసేను. ఇదిగో అంటే ఎవుడు తిరుగుతాడు? ఎవుల్నని తిరుగుతాడు? ఆయన నవ్వుతా వొచ్చేడు. గోనె పైకెత్తి సూపించేడు నాకు, తెత్తన్నానుండు అని. ఆ తరవాత జనం తలల మీద గోనె ఒక్కటే కనబడ్డాది. ఆ తరవాత అదీ కనబడనేదు.

పేరు నోట్లోకొచ్చింది బాబూ. మీకాడ అబద్దమెందుకు? గొంతు దాటి నాలిక మీదకొచ్చింది. అప్పుడే మా అమ్మ మాట అడ్డమొచ్చింది. "పేరెత్తితే మొగుడికి ఆయువు తరిగిపోద్దే పిల్లా" అనీది. పేనం అంత అంచున ఉన్నోడికి, నాను నోరు జారి ఉన్నది కాస్తా తగ్గించీనా? కొరికీసుకున్నాను. ఇదిగో, సూడండి నాలిక. ఇంకా నెత్తురు ఊరతన్నాది. ఆయన ఆయువు కాపాడుకుందావని కొరుక్కున్నాను బాబూ! అంత తెలివైన ఆడదాన్ని నాను.

ఏడవటం నేదు. ఏడుపు రావటం నేదు, అదే నాకు బయంగా ఉంది.

ఒక్కసారే ఎత్తేను ఆ పేరు, పెళ్ళప్పుడు. మనకి ఆనవాయితీ ఉంది కదా, కొత్తకోడలు అత్తోరింట్లో అడుగెట్టీటప్పుడు ఆడబడుసులు గుమ్మానికి అడ్డం నిలబడి, మొగుడి పేరు సెప్తే గానీ దారివ్వం అంటారు. కొంగు నోటికడ్డం పెట్టుకుని సెప్పేను. "పక్కనున్న నాకే వినబడనేదు, ఆళ్ళకేటి వినబడతాది! ఇంత గొంతెట్టుకుని ఈ పిల్ల రేపు నన్నెలాగ పిలుత్తాదో" అన్నాడాయన. అందరూ నవ్వేరు. ఆడబడుసులు పోన్లే పాపమని దారిచ్చీసేరు.

ఏటి బాబూ? బండొచ్చీసిందా? అప్పుడేనా?

ఉండమనండి. ఒక్క గడియ ఆగమనండి. సెప్తాను. ఇంక తరిగిపోడానికి ఆయనకి ఆయువేటుంది?

రాసుకోండి. ఇంటిపేరు మైలపిల్లి.

మైలపిల్లి కన్నయ్య.

వినబడనేదా? వాన సప్పుడా? ఇంకాస్త గట్టిగా సెప్పాలా? ఆయనా అలాగే అన్నాడు బాబూ.

కన్నయ్య. కన్నయ్య! ఓ కన్నయ్యా! రాకు, కన్నయ్యా! నాను తడిసినా పరవానేదు, ఆ గోనె నువ్వే కప్పుకో, ఎనక్కెల్లిపో! కన్నయ్యా! కన్నయ్యా!

వొగ్గండి బాబూ, పట్టుకోకండి. పడిపోను. బాగానే ఉన్నాను. రాసుకున్నారా?

అదిగో, వసారాలో ఉన్నోళ్ళంతా ఇటే తిరిగి సూత్తన్నారు. సూరమ్మ బాబు లేసి నిలబడిపోయేడు. బండి తోలీవోడు కూడా తొంగి సూత్తన్నాడు. సూసేరా బాబూ, ఇంత వానలో కూడా నా గొంతు ఎంత బాగా వినబడతాదో!