బొంతల స్టూడియోల పోశవ్వ పాట

"యాకూబ్ తాతా, మా అమ్మమ్మ పాడిన పాట నీ దగ్గర భద్రంగ ఉన్నదని మా అమ్మ చెప్పింది. గది తీస్కపోదామనే వచ్చిన. ముందుగల్ల ఆ స్టూడియో ముచ్చట చెప్పు, రికార్డు చేసుకుంట."

చెప్త బిడ్డా, చెప్త. ఫోను చాలూ చేసినవా? నా మూతి కాడ పెట్టకు, జర దూరం పెట్టు. ఊపిరి చప్పుడు పడుతది. ముప్పై ఏండ్లు మంది నోటికాడ మైకు పెట్టినోన్ని, నాకు నేర్పుతవా. ఆఁ, గట్ల. నువ్వు కూసో. నేను కూసోను. కుకునూరుపల్లి యాదమ్మ బిడ్డను, మౌనికను, రేపు వస్తున్న అని నిన్న ఫోన్ చేసినవు చూడు, గప్పటి సంది గీ అర్రల నుంచి గా అర్రలకు తిరుగుతనే ఉన్న. మా ఇంటామె అన్నది, ఏమైంది నీకు, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవు అని.

పాట కాడికే వస్త. ముందుగల్ల స్టూడియో అన్నవు గదా, గదే చెప్త.

రాజేశం సేటు అని ఉండె, గీ సిద్దిపేటలనే, పాత బస్టాండు దిక్కు. బట్టల దుకాణం ఆయినది. కింద దుకాణం, మీద రెండర్రలు. నేను గప్పుడు రేడియోలు, టేపులు బాగుచేసెటోన్ని. దుకాణం అంటె దుకాణం కాదు, ఒక టేబులు, ఒక బల్బు. ఒకనాడు సేటు వచ్చి, యాకూబ్, పాటలు నింపుటానికి హైదరాబాద్ దాక పోవుడెందుకు, గీడనే నింపుదాం అన్నడు. నింపుదాం అన్న. నాకేమెరుక? ఇద్దరికీ ఏం తెల్వది, గందుకే అయింది గా పని. తెలిసి ఉంటె ఎవలన్న పెట్టుకుంటరా.

గోడలకు ఏదో మెత్తటిది వేస్తరట పట్నంల, చప్పుడు కొట్టుకోకుంట. మనకేడికెల్లి వస్తది? సేటు దుకాణంల మిగిలిన గుడ్డముక్కలన్ని కుప్పవోసి బొంతలు కుట్టిపిచ్చిండు. నాలుగు గోడలకు బొంతలే. తలుపుకు బొంత, కిటికీకి బొంత. బోర్డు మీద ఏదో ఇంగ్లీషు పేరు రాసిండు, ఎవల నోరు తిరుగలే. మంది బొంతల స్టూడియో అన్నరు, గదే ఖాయమైంది. ఎండకాలం గండ్ల కూసుంటె ఉడికిపోయేది. ఫ్యాను వెయ్యరాదు, చప్పుడైతది. చెమట తుడుసుకోరాదు, గది సుత చప్పుడే. 

కింద ఒక దర్జీ ఉండె. నేను కట్టెతోని నేల మీద మూడుసార్లు కొడితె ఆయిన మిషను ఆపాలె. ఆపి బీడీ ముట్టిచ్చెటోడు. ఒక పాటకు ఒక బీడీ. పొడుగు పాటైతె ఆయినకు ఖుషి. గిరాకీ పోతుందని సేటుకు పరేషాన్.

మొదాలు పాటలు కాదు, ప్రచారం. ఆటోల మైకు కట్టి తిప్పేటిది. గది నింపినం. తర్వాత బతుకమ్మ పాటలు, మల్లన్న పాటలు. చేర్యాల అంగట్ల, జాతర్లల్ల కాసెట్లు తట్టల పెట్టి అమ్మితె పోయినయి. గప్పుడు చాయ్ ఆటాన, అర్ధరూపాయి. పాట నింపే టేపు రీలు మాత్రం హైదరాబాద్ నుంచి బస్సుల రావాలె, ఒక్క రీలు ధరకు మంచి మేకపిల్ల వచ్చేది, అబద్ధం కాదు. గందుకని మా కాడ ఒక అలవాటు. పని అయిపోయిన రీలును తుడిసి, మల్ల గండ్లనే కొత్తది నింపుడు. పలక మీద రాసి తుడిసినట్టు. కాసెట్లు బయటకు పోయినంక అసలు రీలుతోని మనకేం పని? గిది గుర్తుపెట్టుకో, ఎందుకంటె… ఆగు. ఎవలో తలుపు కొట్టిన్రు.

ఎవలు లేరు. నీళ్లు తాగుతవా? నేను తాగుత.

ఆఁ, మీ అమ్మమ్మ. నేను పోశక్క అనేటోన్ని, ఆమె నన్ను తమ్మి అనేది. గందుకే మీ అమ్మ నన్ను మామా అంటది. కుకునూరుపల్లిల ఒక పెండ్లికి మైకుసెట్టు తీస్కపోయిన. వచ్చేటప్పుడు తొవ్వల నాట్లేస్తున్నరు. ఒకామె పాడుతుంటె పదిమంది అందుకుంటున్నరు. నేను సైకిలు ఆపి నిలవడ్డ. ఆ గొంతు… ఏం చెప్పాలె, పచ్చిగ ఉండె, నున్నగ లేదు, కని ఆగబుద్ధయ్యే గొంతు. అత్తగారింటికాడ కోపమచ్చి తల్లిగారింటికి నడిసిపోయే పిల్ల పాట. తొవ్వల కనవడ్డోళ్లనందరిని అడుగుతది, మా అవ్వ నన్ను యాదిచేస్తుందా అని. పొడుగు పాట. నాకు గప్పుడే అనిపించింది, దీన్ని నింపాలె అని.

బతిమిలాడి పిలిపిచ్చిన. మీ అమ్మను చంకల పెట్టుకోని వచ్చింది. చంకల కాదులే, ఆరేడేండ్లుంటయి యాదమ్మకు, చెయ్యి పట్టుకోని వచ్చింది. బొంతల నడిమిట్ల కూసోవెట్టి, పాడక్క అన్న. నోరు తెరిచింది. రాలే. మల్ల తెరిచింది. ఒక్క ముక్క వచ్చి తెగిపోయింది. నాకు కోపమచ్చింది, పొలంల గంత పాడినవు, గీడేమైంది అన్న. ఆమె ఏమన్నది ఎరుకేనా? ఉత్త చేతులతోని పాట యాదికి రాదు తమ్మి, చేతికి ఏదన్న పని ఇయ్యి అన్నది.

సరే అని కిందికెల్లి చాట, బియ్యం తెప్పిచ్చిన. చెరుగుకుంట పాడింది, మస్తు పాడింది. వింటె, పాట కన్న చాట చప్పుడే ఎక్కువున్నది. ఇసురుకుంట పాడుమంటె ఇసుర్రాయి మోత. నేను తల పట్టుకున్న. చప్పుడు లేని పని ఏముంటది చెప్పు ఆడిదానికి? గప్పుడు యాదమ్మ తల గోక్కుంటుంది. పోశక్క ఊకనే దాని జడ ఇప్పి, ఒళ్లె పండవెట్టుకోని పేన్లు చూడవట్టింది. చూస్తనే పాట ఎత్తింది.

నేను మిషను ఎప్పుడు ఆన్ చేసిన్నో నాకే తెల్వది. తెగకుంట పాడింది, ఒక్కసారి ఆగలే. యాదమ్మ గండ్లనే నిద్రపోయింది. కింద దర్జీవి రెండు బీడీలైనయి. పాట అయిపోయినంక ఆమె నా దిక్కు చూసి, తల సాఫైంది తమ్మి, పాట గూడ అయింది అన్నది. నవ్వినం. నా ఉమ్మర్ల గసొంటి రికార్డు మల్ల చెయ్యలే, గిది నీ ముంగట చెప్పుకోవాలనే చెప్తున్న. 

సేటు విన్నడు. మంచిగున్నది, కని ఒక్క పాటకు ఒక కాసెట్టు ఎవలు కొంటరు, ఇంకో రెండు పాటలు కలిపి విడుస్తం అన్నడు. రీలు డబ్బాల వెట్టి పైన చెక్క మీద పెట్టిన.

ఇగ గంతలనే సేటుకు సినిమ పిచ్చి పట్టింది. పెండ్లిళ్లకు తిప్పే వీడియో కెమెరా తెచ్చిండు, నవ్వుల సినిమ తీసిండు. ఆక్టర్లు మనోళ్లే, హీరోది కరెంటాఫీసుల నౌకరి. చేర్యాలల పటాలేసేటాయినతోని పోస్టరు ఏపిచ్చినం. ఆయినకు దేవుండ్లను ఏసిన చెయ్యి, హీరోకు చెవుల దాక కండ్లు పెట్టి ఇచ్చిండు. హీరో రెండొద్దులు అలిగిండు. నవ్వకు, నిజమే చెప్తున్న. కెమెరాల మాటలు సరింగ పడలే, గాలి మోత. అందర్ని బొంతల అర్రలకు తెచ్చి మాటలన్ని మల్ల చెప్పిచ్చినం. దసరాకు విడవాలె. ఇంక ఒక్క సీను మిగిలింది, రీళ్లు అయిపోయినయి. హైదరాబాద్ నుంచి రావాల్సిన డబ్బా బస్సుల రాలే. 

సేటుకు కింద దుకాణంల దసరా గిరాకీ. మెట్ల మీది నుంచే అన్నడు, ఉన్నదాంట్ల ఏదో ఒకటి తుడిసి పని నడిపియ్యి యాకూబ్, నన్ను అడుగకు. 

ఉన్నయి మూడు. ఒకటి సేటు బామ్మర్ది భజన. ఆయిన గొంతు వింటె ఉన్న పుణ్యం గూడ పోతది, కని బామ్మర్ది. రెండోది ఒక లీడరు ఎలచ్చన్ల ప్రచారం. గాయిన గెలిచి కూసున్నడు, మల్ల వస్తడు, అడుగుతడు. మూడోది… 

జర ఆగు. గీ బీరువ తియ్యాలె. తాళం నా జేబులనే ఉన్నది, పొద్దుగాల సంది నాలుగుసార్లు తీసి మూసిన. గిదో. గీ డబ్బా. మీద కాగితం చూడు. 'పోశవ్వ, కుకునూరుపల్లి.' నా రాతనే. 

సంబురపడకు బిడ్డా. కింద చూడు. పేరు మీద గీత కొట్టి ఉన్నది, దాని కింద సినిమ పేరు ఉన్నది. గది సుత నా రాతనే.

తుడిసిన. మీ అమ్మమ్మ పాట మీద గా నవ్వుల సినిమ మాటలు నింపిన. సేటు పోశక్కది తుడువు అనలే. ఏదో ఒకటి అన్నడు. ఏరింది నేను. గా మూడు డబ్బాలు చూసి, నా చెయ్యి సీద దీని మీదికే పోయింది. ఎందుకు పోయింది అంటె, ఆమె ఏమనది గనుక. నాటేసే మనిషి, నా మీదికి ఎవల్ని తీస్కొస్తది? గంత మంచి పాట అని ఎరుకుండి, నేనే నింపి, నేనే తుడిసిన. మల్ల పిలిచి పాడిపియ్యచ్చులే అనుకున్న. పిలువలే. ఇయ్యాల రేపు అనుకుంటనే దినాలు పోయినయి.

ఆమె వచ్చేది. అంగడి దినం వచ్చేది, కొంగుల సిక్కుడుకాయలు కట్టుకోని మెట్లెక్కి వచ్చేది. తమ్మి, నా కాసెట్టు అయిందా? అయితుంది అక్కా, కవరు అచ్చువోతుంది. మల్ల అంగడికి మల్ల. ఇంక కవరేనా తమ్మి? ఇంక కవరే అక్కా. ఆ సిక్కుడుకాయలు నేను ఇంటికి తెచ్చి వండిపిచ్చుకోని తిన్న. ఊరంత చెప్పుకున్నది ఆమె, నా పాట కాసెట్ల వస్తది అని. మీ ఊళ్లె ఆమెను కాసెట్ పోశవ్వ అంటుండ్రి గదా? పెద్ద సింగరని కాదు బిడ్డా గా పేరు. ఏమే కాసెట్ పోశవ్వా, నీ కాసెట్టేదే అని ఎక్కిరిచ్చిన పేరు. నాట్ల కాడ గూడ పాడుడు బందు వెట్టింది అని నాకు తర్వాత తెలిసింది. ఇగ అంగడికి వచ్చినా మెట్లెక్కలే.

సేటు పోయిండు. స్టూడియో సీడీల కాలం దాక కుంటుకుంట నడిసింది. ఇప్పుడు గా జాగల సెల్ ఫోన్ల దుకాణం, బొంతలు ఎవలు కొంచవోయిన్రో. గా నవ్వుల సినిమ మాత్రం సావలే. ఎవలో ఫోన్ల ఎక్కిచ్చిన్రు, పోరగాండ్లు చూసి నవ్వుతున్నరు. మా మనుమడు నాకే తెచ్చి చూపిచ్చిండు, తాతా గిది నువ్వు చేసిందట గదా అని. గా ఆఖరి సీను వచ్చినప్పుడు నేను ఇవతలికి వచ్చిన. గా మాటల కింద పోశక్క ఉన్నది అని ఎవలకెరుక? ఎన్నో ఏండ్ల కింద, రికార్డింగు మిషను అమ్మకముందు గీ రీలు ఎన్నిసార్లు వేసిన్నో, చెవు ఆనిచ్చి విన్న. ఏం లేదు. నువ్వు ఎడిటింగు చేస్తవట గదా, కంప్యూటర్ల తియ్యచ్చా అని అడగబోతున్నవు. తియ్యరాదు. ఉంటె నేను తియ్యనా.

పోశక్క పోయింది అని తెలిసినా నేను రాలే. మొఖం లేకపాయె. పోయినేడు దవాఖానల మీ అమ్మ కనవడ్డది. మామా, మా అవ్వ పాట భద్రంగ ఉన్నదా అన్నది. లేదు అందామనే నోరు తెరిచిన. ఉన్నది బిడ్డా, బీరువల ఉన్నది అన్న. ఆమె రెండు చేతులు జోడిచ్చింది నాకు. గా అబద్ధం పట్టుకోనే నువ్వు ఇయ్యాల వచ్చినవు. 

మీ అమ్మకు పాట వస్తదా? రాదు అన్నదా. ఒడిల పండి విన్నది గదా… మైకు పెట్టి అడుగకు. జుట్టు ఇప్పుకోని ఆమె ముంగట కూసో ఒకనాడు. చేతికి పని దొరికితె ఏమన్న… ఛ. గిది గూడ నా తప్పుకు సాకు వెతుకుడే. రాకపోతె రాదు. నేను తుడిసింది తుడిసిందే.

ఏడువకు బిడ్డా. తిట్టబుద్ధయితె తిట్టు. 

మీ అమ్మ ఇంటికాడనే ఉన్నదా? కుకునూరుపల్లికి బస్సు ఎప్పుడున్నది? నువ్వు చెప్పకు. ఫోన్ల గూడ చెప్పకు. నేనే వస్త, గీ డబ్బా పట్టుకోని వస్త. యాదమ్మా, మీ అవ్వ పాట నేనే తుడిసిన అంట. కవరని, ఇంకోటని ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడ. ఆమె చెప్పుతోని కొట్టినా నిలవడుత. చెప్పులేడున్నయి నావి… గీడనే ఇడిసిన.

అల్లా నిన్ను మంచిగ చూడాలె, సక్కగ అడిగినవు, నా నోట్లకెల్లి వచ్చింది. లేకపోతె నాతోనే మట్టిల పోయేది. పా, లే. ఫోను బందు చేసినా సరే, గీ రికార్డు మాత్రం ఉండనీ. తొవ్వల నా ధైర్యం సచ్చి నడిమిట్లనే బస్సు దిగిపోతనేమో, నన్ను నేనెరుగుదు గదా. గట్ల దిగిపోతె, నువ్వు ఇంటికి పోయి గీ మాటలే మీ అమ్మకు వినిపియ్యి.