దీనమ్మ రుబ్బే చప్పుడు

పాత చర్చి గుడి సమాధుల దొడ్డిలో చింతచెట్టు ఉంది చూశారూ, దొరల నాటిది, ఏటా దాని కాయలు రాలి మట్టిలో పురుగులు పడతాయి గానీ మన పేటలో ఏ ఆడమనిషీ ఏరుకొచ్చి పప్పులో వెయ్యదు. ఎందుకు వెయ్యదు? బజార్లో చింతపండు ఊరికే ఇస్తున్నారా? జక్రయ్యా, ఇవాళ నీ కోడలు సంచి పట్టుకుని అటు పోతుంటే నేనే కేకేసి వెనక్కి పిలిచాను, ఆ పిల్లేమో ఈ రోజుల్లో దెయ్యాలేంటి మామ్మా అని నవ్వింది. నవ్వితే నాకు ఒళ్ళు మండింది. కూచోమను దాన్ని కూడా. కరెంటు వచ్చేదాకా చెప్తాను, వచ్చినా చెప్తాను.

ఆ చెట్టు కింద పొద్దు వాలేసరికి రోట్లో రుబ్బుతున్న చప్పుడు వినపడేది. గర్రుగర్రుమని, కాసేపు ఆగి, మళ్ళీ గర్రుమని. కొమ్మలు రాసుకుంటున్నాయన్నారు కొందరు, గుడ్లగూబ అన్నారు ఇంకొందరు. ఏ గుడ్లగూబ పప్పు రుబ్బుద్దిరా? ఆ రుబ్బేది దీనమ్మ. మన అంగన్‌వాడీ ఆయా రాహేలు లేదూ, దాని నాయనమ్మ.

రాహేలు నాన్న ఏసోబు ఒక ఏడు మంచం పట్టాడు. కాళ్ళు వాచి, అన్నం సయించక, ఇక లేవడని అందరికీ తెలిసిపోయింది, ఆయనకీ తెలిసింది. తెలిసి ఏమడిగాడు? మందులడగలేదు, కోడికూర అడగలేదు, నన్ను మా అమ్మ కాళ్ళ దగ్గర పెట్టండే రాహేలూ అన్నాడు. అంతే అడిగాడు మనిషి. మరి వాళ్ళమ్మ ఎక్కడుంది? అదే ఎవరికీ తెలీదు. ఏసోబు పాలు తాగే పిల్లాడప్పుడు పోయింది ఆవిడ, సిలువ లేదు, పేరు లేదు, మట్టి దిబ్బ కూడా లేదు.

ఎందుకు లేదో చెప్తాను, వినండి. ఏసోబుకి పసితనంలో అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు, కళ్ళు మూసుకుపోయి పిల్లాడు దక్కేట్టు లేడు. దీనమ్మ గుళ్ళో మోకాళ్ళేసింది, ఉపవాసాలుంది, తగ్గలేదు, అప్పుడు బిందెలో పసుపునీళ్ళు కలిపి వేపమండలేసి నెత్తిన పెట్టుకుని పోలేరమ్మ రాయికి పోసొచ్చింది. పోస్తే ఏం? ఆ ఏడు పేటలో వేపమండ కట్టని గడప ఏదీ? అందరూ చీకటి మాటున కట్టారు, ఈవిడ పట్టపగలు వీధిలో నడిచి వెళ్ళింది. సంఘ పెద్ద గాబ్రియేలు భార్య కూడా చాటుగా చలివిడి పంపిందంటారు. అయినా ఆయన గుళ్ళో నిలబడి దీనమ్మని సంఘంలోంచి తీసేశామన్నాడు. పిల్లాడు బతికాడు, తల్లికి ఆ పొక్కులే అంటుకుని పోయింది. పోతే గంట కొట్టనివ్వలేదు, పాట పాడనివ్వలేదు, దొడ్డి లోపల చోటివ్వలేదు. సిలువ పాతితే పీకేస్తానన్నాడు. మొగుడేం చేస్తాడు పాపం, ఇంట్లో ఆవిడ రుబ్బే పొత్రం తెచ్చి తల దగ్గర పాతి ఏడ్చుకుంటూ పోయాడు.

వెలేసినవాళ్ళని బయటే పెడతారు గదా అని రాహేలు వాళ్ళు ఏటా సమాధుల పండక్కి దొడ్డి గోడ బయట, మురిక్కాలవ పక్కన, ఉజ్జాయింపుగా ఓ కొవ్వొత్తి వెలిగించేవాళ్ళు. లోపల అందరూ సున్నాలు కొట్టి, బంతిపూలు కట్టి, పాటలు పాడుకుంటుంటే వీళ్ళు కాలవ గట్టున. నాన్న ఆ మాటన్నాక రాహేలు గునపం పట్టుకుని గోడ పొడుగునా వెతికింది. గాజుపెంకులు దొరికాయి, గేదె ఎముకలు దొరికాయి, పొత్రం దొరకలేదు. పనైనాక రోజూ వెళ్ళేది, చేతులు బొబ్బలెక్కేవి, లంకెబిందెల కోసమా వదినా అని కుర్రాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు.

ఇప్పటి సంఘ పెద్ద జయరాజు, ఆ గాబ్రియేలు మనవడే, వాణ్ణి అడిగింది. వాడన్నాడు గదా, వెలేసినవాళ్ళకి గుర్తులెక్కడుంటాయమ్మా, ఎక్కడో ఓ చోట పెట్టుకో, మట్టంతా దేవుడిదే అన్నాడు. మట్టంతా దేవుడిదే అయితే మీ తాతకి పాలరాయి ఎందుకు పరిచారండీ అని అడిగేసి వచ్చింది రాహేలు.

అప్పుడు గుర్తొచ్చింది మేనత్త మార్తమ్మ. ఏసోబుకి అక్క, సముద్రం పక్క ఊళ్ళో కూతురి దగ్గరుంటది, చూపు సరిగా ఆనదు, తల్లిని పూడ్చినప్పుడు చూసిన మనిషి ఇంక ఆవిడొక్కతే. రాహేలు బస్సెక్కి వెళ్ళి అత్తయ్యా, గోడ బయట అంతా తవ్వాను, ఎక్కడా లేదు అంటే ముసలామె విసుక్కుంది. గోడేంటే, ఆ రోజుల్లో గోడెక్కడ ఏడ్చింది, ముళ్ళకంచె ఉండేది, చింతచెట్టు కంచెకి అవతల ఉండేది, ఆ చెట్టు మొదట్లోనే పెట్టాం మా అమ్మని అంది.

అర్థమైందా? చచ్చినవాళ్ళతో దొడ్డి నిండిపోయాక కంచె తీసి దూరంగా గోడ కట్టారు, చెట్టు లోపలికొచ్చింది. ఇన్నేళ్ళూ వీళ్ళు మురిక్కాలవకి దణ్ణం పెట్టారు. మరి ఆ చెట్టు కింద, నీడగా ఉందని, చల్లగా ఉందని, ఎవరి సమాధి కట్టారు? గాబ్రియేలుది. బస్సులో తిరిగొస్తూ రాహేలు దారి పొడుగునా పళ్ళు కొరుక్కుంటూనే ఉంది.

మార్తమ్మని వెంట తెచ్చింది. గాబ్రియేలు సమాధి అరుగెక్కడానికి ఓ నల్లరాయి మెట్టుగా వేశారు, మేస్త్రికి అక్కడే దొరికుంటది, బాగుందని వేసుంటాడు. అందరూ కాళ్ళ బురద దాని మీదే రాసేవాళ్ళు. మార్తమ్మ వంగి ఆ రాయిని చేత్తో తడిమింది. మా అమ్మది ఎడమచేతి వాటం, అందుకే ఈ పక్కకి అరిగింది అంది. అని అక్కడే చతికిలపడి, బురదంతా చీరకొంగుతో తుడిచింది. రాహేలు ఇంటికెళ్ళి నాన్నా దొరికింది అని చెప్తే ఏసోబు నవ్వాడు. ఆ తెల్లారే పోయాడు.

అది పండక్కి ముందు శనివారం. ఊరంతా దొడ్డిలోనే ఉన్నారు, బకెట్లతో సున్నం, చీపుళ్ళు, పూలు. సాయంత్రం శవాన్ని తెచ్చి ఆ మెట్టుకి ఎదురు చివర, దీనమ్మ కాళ్ళుండే వైపు దించి తవ్వండి అంది రాహేలు. జయరాజు వచ్చి అడ్డం నిలబడ్డాడు. ఇది మా తాతగారి చోటు, నీతీ నియమం లేదా అన్నాడు. పాస్టరుగారు తల దించుకున్నాడు. అప్పుడు రాహేలు అందరికీ వినపడేట్టు అంది, మీ తాత మా నాయనమ్మ గుండెల మీద ఎక్కి పడుకున్నాడు, ఆమె తల దగ్గరి రాయికి మీరంతా కాళ్ళు తుడుచుకున్నారు, నేను మీ తాతని లేవమనడం లేదు, మా నాన్న తన తల్లి కాళ్ళ దగ్గర పడుకుంటాడు, అడ్డమొస్తే నిన్ను తోసి తవ్వుతాను అంది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి అది.

జయరాజు ఏదో అనబోయాడు. అప్పుడే నేల కిందనుంచి వచ్చింది చప్పుడు, గర్రుగర్రుమని, ఇంకా వెలుగుండగానే, అంతమంది వింటుండగా. సున్నం బకెట్లు కింద పెట్టేశారు ఆడవాళ్ళు. జయరాజు ఇంత వెనక్కి జరిగాడు. మొగాళ్ళు గునపాలందుకున్నారు, పెట్టారు ఏసోబుని, పాట పాడారు, మార్తమ్మ గంట కూడా కొట్టించింది. సిలువ పెట్టమన్నా రాహేలు పెట్టనివ్వలేదు. మెట్టు పీకి ఆ పొత్రాన్నే మళ్ళీ నిలబెట్టింది.

మరి ఇప్పుడు అక్కడికి పోవద్దని ఎందుకంటున్నాను? చెప్తున్నా. ఆ వానాకాలం చప్పుడు ఆగలేదు. రోజూ రుబ్బింది. గాబ్రియేలు సమాధి అంచులు పొడై రాలాయి, పాలరాయి పగిలింది, జయరాజు సిమెంటు పోయిస్తే అదీ పిండైపోయింది. మళ్ళీ పోయించాడు, మళ్ళీ అంతే. వానలు వెలిసేసరికి అక్కడ చదును నేల, ఎవరున్నారో ఎవరు లేరో చెప్పలేని నేల. అప్పుడు ఆగింది దీనమ్మ. ఇప్పుడు కొడుకుతో హాయిగా నిద్రపోతోంది, ఎవర్నీ ఏమీ అనదు.

పొద్దు వాలాక చెట్టు కింద తిరిగేది ఇంకొకాయన. కోటేసుకుని, చేతికర్రతో నేల పొడుచుకుంటూ, ఎవరు కనపడినా ఆపి అడుగుతాడు, అమ్మా, నా సమాధి ఎక్కడుందో చూశావా అని. తెలీదంటే తోడు రమ్మంటాడు వెతకడానికి. మీకు ఓపికుంటే వెళ్ళండి. చింతపండు కావాలంటే మాత్రం బజార్లో కొనుక్కోండి.