పొగ మచ్చ

కూర్మన్నపాలెంలో సుందర్ రాజ్ ఇంటి హాలు, ఆదివారం మధ్యాహ్నం. బల్ల మీద జానెడు ప్లాస్టిక్ యుద్ధవిమానం, సీ హేరియర్. ఒకవైపు నేవీలో విమానాలు కడిగి రిటైరైన సుందర్ రాజ్. ఎదురుగా ఆ బొమ్మని కిట్ ముక్కలు అతికించి చేసి తెచ్చిన కోటి. పెళ్లిమాట అడగడానికి వచ్చి ఇంకా అడగలేదు. ఇద్దరి మధ్యా సుందర్ రాజ్ కూతురు స్టెఫీ, ఎవరి వైపూ లేనట్టు కనబడాలని నానా తంటాలు పడుతోంది. ఆమె తల్లి రత్నమణి చర్చిలో మీటింగుకి వెళ్లింది.

"...ముట్టుకోవద్దంతావేటి? నాను ముట్టుకోని విమానమా ఇది?"

"ముట్టుకోండంకుల్. ముక్కు దగ్గర మాత్రం జాగ్రత్త. ఆ గొట్టం ఇంజెక్షన్ సూది."

"సూదా?"

"కిట్‌లో ప్లాస్టిక్‌ది ఇచ్చాడు, మరీ లావుగా ఉన్నాది. అది తీసేసి సూది కోసి పెట్టాను."

"ఒక్క సూదేటి డాడీ, సీటు వేరే కంపెనీది, మీటర్ల పలక ఇంకో కంపెనీది. డబ్బాలో వచ్చినవాటిలో మిగిలింది రెక్కలూ, ఆ డబ్బా."

"నువ్వుండవే స్టెఫీ. ఏదీ, సీటు సూడనీ. భూతద్దం ఇలాగియ్యి... ఓర్నాయనో! బెల్టులు కూడానా?"

"అవి రేకువి అంకుల్. కాగితమంత పల్చగా వత్తాయి. పట్కారుతో మడిచి అంటించాను."

"ఎర్ర పిన్నులు కూడా పెట్టాడే! ఎవుడైనా పొరపాటున హేండిల్ లాగితే సీటుతో సహా ఎగిరిపోకుండా పెడతాం ఇవి. ఇది కూడా తెలుసేటి బాబూ నీకు?"

"నాలుగు నెల్లు ఇదే పనండి."

"నాలుగు నెల్లూ నా ఫోన్ ఎత్తలేదు డాడీ. ఎత్తినా, 'జిగురు ఆరతంది' అని పెట్టీసేవాడు."

"పనిమంతుడే. పెయింటు ఎక్కడ నేర్చుకున్నావు?"

"హార్బర్లోనండి. సెలవుల్లో మా నాన్న చేపల బోట్లకి స్ప్రే కొట్టీవోణ్ణి."

"ఊఁ. బోట్లు."

"డాడీ, మొహం అలా పెట్టకు. ఇప్పుడు నాతోపాటు మధురవాడలో కోడింగే."

"నానేటీ పెట్టలేదే. బోట్లంటే బోట్లన్నాను... తోక మీద నెంబరు కూడా నా విమానానిదే. బాగుంది. బాగు... ఆగాగు. ఇదేటి?"

"ఏదండి?"

"ఇదే. వెనక గొట్టాల దగ్గర. నల్లగా."

"పొగ మచ్చండి. వెదరింగ్ అంటాం. కొత్త బొమ్మలాగ కాకుండా, తిరిగొచ్చిన విమానంలాగ..."

"తుడు."

"అంకుల్?"

"తుడవమంతన్నాను. ఇరవై నాలుగేళ్లు కడిగాను నాను. సముద్రం మీంచి దిగ్గానే ఉప్పు పోయేలాగ మంచినీళ్లతో, ముక్కు నుంచి తోక దాకా. నా విమానం మీద మచ్చా?"

"బొమ్మ డాడీ అది."

"బొమ్మైతే ఏటి? గోడ మీద షీల్డు సూడు. 'ఒక్క రోజూ తప్పని సేవ.' ఊరికే ఇచ్చారేటి?"

"మచ్చ నాను కల్పించలేదంకుల్. ఫోటోలో ఉన్నాది."

"ఏ ఫోటో?"

"దొరికింది."

"ఎక్కడ దొరికింది?"

"దొరికిందండి... ఇదిగో."

"ఓహో. ఇది మా శ్రీరామ్మూర్తి చీఫ్ గారి రిటైర్మెంటు ఫోటో. సాయంత్రం నాలుక్కి తీశారు. అందరూ..."

"ఇటియ్యి డాడీ. పన్నెండు మంది ఉన్నారు. నువ్వెక్కడున్నావు?"

"నాను ఫోటోలకి నిలబడీవోణ్ణి కాదు."

"ఆల్బమ్ నిండా నువ్వే కదా. వెనక విమానం మీద మచ్చ ఉన్నమాట నిజమే, సేమ్ టు సేమ్. కింద డేటు కూడా పడింది. మార్చి పద్నాలుగు, తొంభై ఎనిమిది... డాడీ, ఇది నా బర్త్‌డే."

"మంచిదే కదా."

"బర్త్‌డే అంటే నాను పుట్టిన రోజు డాడీ! గోవాలో మమ్మీ ఆసుపత్రిలో ఒక్కతీ ఉంది. నువ్వు రాత్రి ఎనిమిదికి వచ్చి, 'నాలుగు విమానాలు ఒక్కణ్ణే కడిగాను రత్నమణీ, చేతులు నాని ఎలా ముడతలు పడ్డాయో సూడు' అన్నావు. ఏటేటా కేకు ముందు ఇదే కథ. కొవ్వొత్తి కరిగిపోయేదాకా."

"కడిగాను."

"మరి మచ్చ?"

"కడిగాక మళ్లీ ఎగిరుంటాది."

"ఫోటోలో ఇంజినుకి కవర్లు కట్టీసున్నాయంకుల్, ఆ రోజుకి ఎగరడం, కడగడం అయిపోయినట్టే. ఎర్రవి. అవి కూడా సేశాను, సూడండి."

"నిన్నెవుడడిగాడు?"

"ఎక్కడికెళ్లావు డాడీ?"

"ఎక్కడికీ లేదు."

"డాడీ."

"ఫైనల్."

"ఏం ఫైనల్?"

"ఫుట్‌బాల్. మా బ్లాకు టీమే. డాక్టరమ్మ సాయంత్రం దాకా కాన్పు అవదంది. మేచ్ రెండింటికి. నువ్వేమో తొందరపడి మూడింటికే వచ్చీశావు. నా తప్పేటి?"

"చేతుల ముడతలు?"

"బకెట్లో పెట్టుకున్నాను. అరగంట... నవ్వకు బాబూ."

"నవ్వట్లేదండి. గెలిచారా?"

"పెనాల్టీల్లో పోయింది."

"మమ్మీ ఆరింటికి వచ్చేస్తాది. టీ ఇచ్చి ఈ ఫోటో చూపిద్దామా?"

"స్టెఫీ!"

"కోటి పేరెత్తితే మమ్మీ గ్లాసు ఠంగుమని బల్ల మీద పెడతాది కదా. ఈ ఫోటో చూస్తే ఆ గ్లాసు నీ మీదకే వస్తాది."

"ఏటి కావాలే నీకు?"

"తెలీనట్టు."

"...బాబూ కోటీ, మీవోళ్లని ఎప్పుడు తీసుకొత్తావు?"

"అంకుల్! రేపే తెత్తాను."

"తే. మీ అమ్మగారి పేరేటి?"

"ముసలమ్మండి."

"మంచి పేరు. రత్నమణితో నాను మాటాడతాను. నాను సెప్తే వింటాది."

"మరి బోట్లు డాడీ?"

"బోట్లకేటే? ఇరవై నాలుగేళ్లు నాను తిన్నదీ సముద్రం కూడే. బాబూ, ఆ మచ్చ తుడిచీ. ఫోటో ఇటియ్యి, నాను దాస్తాను."

"తీసుకోండి. కలర్ జిరాక్సే అది."

"అసలుది ఏది?"

"అసలుదంటే... ఉన్నాదండి. ఎక్కడికీ పోదు."

"నసగకు. ఎవుల దగ్గరుందిరా?"

"రత్నమణి ఆంటీ దగ్గరండి. ఇరవై ఏళ్లబట్టీ బైబిల్లో దాసుకున్నారంట. నాకు జిరాక్స్ ఇచ్చి, 'మిగతాదంతా నీ ఇష్టం బాబూ, ఆ మచ్చ మాత్రం మర్సిపోకు' అన్నారు."