రాజేశ్వరి కోసం శ్రుతి దించిన

“టీచరమ్మా, ఫోన్ల పాట ఎట్ల నేర్పుతరు? అందరు ఒక్కసారి పాడితె గందరగోళం గాదా?” అని అడిగినవు గదా స్వప్న. ఆ కుర్చీ మీది బట్టలు జర పక్కకు పెట్టి కూసో. అశోక్‌నగర్ పోవాలె, నీ హాస్టల్ తలుపు వేస్తరేమో. వెయ్యరా? అయితె సరె.

అందరు ఒక్కసారి పాడలేరు బిడ్డా. నా గొంతు వాళ్లకు చేరెవరకు ఆలస్యమైతది, వాళ్లది నాకు చేరెవరకు ఇంకింత. అందుకె నేను పాడుత, వాళ్లు మైకు బంద్ పెట్టుకోని ఎవరింట్ల వాళ్లు పాడుకుంటరు. నాకు ఫోను మీద చిన్న చిన్న డబ్బాలల్ల వాళ్ల పెదాలు కదులుడు కనవడతది, చప్పుడు ఉండది. తర్వాత ఒక్కొక్కరిని పిలిచి పాడిపిస్త.

ఇన్నేండ్లు ఈ చిక్కడపల్లి ఇంట్లనే, కింద చాప మీద నేర్పిన. మోకాలికి మోకాలు తగిలేటట్టు కూసునేటోళ్లు పిల్లలు. పక్కపిల్ల గొంతు చెవుల పడితె తప్పు దానంతటదె సర్దుకునేది. మా గురువుగారు నారాయణగూడల ఉండేటోరు. మొదట్ల మమ్మల్ని నోరే తెరవనియ్యలె, వినుమనేటోరు. ముందుగాల చెవి నేర్వాలె, గొంతు దాని వెనక వస్తది అనేటోరు. పాఠం కాంగనె నడుచుకుంటనె ఇంటికి వస్తుంటిమి, రోడ్డు మీద గింత ట్రాఫిక్ ఏడిది అప్పుడు... ఏం చెప్తున్న? ఆఁ, ఫోను.

కరోనాల చాప చుట్టి మూలకు పెడితె, మా మేనకోడలు సుజాత గీ ఫోను క్లాసు పెట్టిచ్చింది. అంత సర్దుకున్నంక గూడ చానమంది ఇంట్లకెల్లె నేర్చుకుంటమన్నరు. ఎవరి పరేషాన్లు వాళ్లవి.

అండ్ల రాజేశ్వరి అని నల్లకుంటామె, బ్యాంకుల పని చేస్తది. మంచి గొంతు. మెడల గడ్డకు ఆపరేషన్ అయ్యింది. గడ్డ పోయింది, దానెంట గొంతు గూడ పోయింది. ఇంటికొచ్చి గుసగుసలాడినట్టు, “ఇగ నా పేరు తీసెయ్యండి టీచర్” అన్నది. ఏడ్వలె. ఏడిస్తె నాకు జర తేలికయ్యేది.

“పాడకు. వచ్చి కూసో. మైకు బంద్ పెట్టి తాళం వెయ్యి. చెవులకైతె ఆపరేషన్ కాలె గదా” అన్న.

కూసున్నది. ఎప్పుడు చూసినా చేత్తోని తాళమే. వానలు పోయినయి, చలి వచ్చింది. ఒకనాడు చూస్తె ఆమె డబ్బాల పెదాలు కదులుతున్నయి, మెడ నరం లేస్తుంది. పాడుతుంది బిడ్డా. నా ముంగట చాప మీదైతె పాడకపోయేది, పక్కోళ్లు వింటరని నామోషి. అక్కడ ఎవ్వరికి వినపడకుంట తనంతల తానె... నేనేం అనలె. అంటె ఆపేస్తదని భయం. చూసి చూడనట్టు ఉన్న.

శివరాత్రి దగ్గరికి వచ్చినప్పుడు అనుకుంట, ఒక్కొక్కరిని పిలుస్తున్న. నేను పిలవకముందె ఆమె మైకు తెరిచింది. “టీచర్, నేను పాడుత” అన్నది. సా పట్టింది. అందలె, పగిలింది. ఇంకింత కింద పట్టింది. అక్కడ నిలిచింది. బొంగురుదే, గని నిలిచింది. నేను శ్రుతి పెట్టె మీద చెయ్యి వేసి శ్రుతి కిందికి దించిన. “ఇగ అందరం ఇక్కడికెల్లె పాడుదం” అన్న.

ఆ సాయంత్రమే ఒక తండ్రి ఫోన్ చేసిండు, అడిక్‌మెట్ ఆయన. వాళ్ల బిడ్డ నిహారిక నా దగ్గర అందరికన్న బాగ పాడేది. “మేడం, మా పాపకు పోటీలున్నయి. ఒక్కామె కోసం పిల్లలందరి శ్రుతి దించుతరా? ఆమెకు వేరే టైం ఇయ్యరాదు?” అన్నడు.

తప్పు మాట కాదు. నేను గూడ ఆలోచన చేసిన. గని నలుగురి నడుమ నోరు తెరిచిన మనిషిని మళ్ల ఒంటరిగ ఎట్ల కూసోబెడుత? “పక్కోళ్ల గొంతు దగ్గరికి దిగి పాడుడు గూడ పాఠమే సార్” అన్న. మర్యాదగనె విన్నడు. నెల మారినంక నిహారిక డబ్బా కనవడలె. ఇంకొందరు గూడ పోయిన్రు. బాధ కాలెనా? అయ్యింది. అసొంటి గొంతు ఎప్పుడో గని దొరకదు.

రాజేశ్వరికి పాత గొంతు రాలె. వస్తదని నేను చెప్పలె గూడ. ఇప్పుడు కొత్తగ చేరినోళ్లకు మొదటి పాఠం ఆమెనే చెప్తుంది. నాకు దమ్ము సరిపోతలేదు.

మొన్న నారాయణగూడల కూరగాయల దగ్గర నిహారిక కనవడ్డది, వాళ్లమ్మ తోని. పొడుగైంది. పోటీల ప్రైజు వచ్చిందట. నిజంగనే సంతోషమైంది నాకు. కాళ్లు మొక్కి, “రాజేశ్వరి ఆంటీ పాడుతుందా టీచర్?” అని అడిగింది. పాడుతుంది అన్న. “ఆంటీ మైకు తెరిచిన రోజు నేను మస్తు ఏడ్చిన. నాయినకు చెప్పలె” అన్నది. నా చెయ్యి పట్టుకున్నది. వాళ్లమ్మ పిలిస్తె పోయింది.

అలసిపోయిన బిడ్డా. ఆ ఫోను చూసి చూసి కండ్లు గుంజుతున్నయి. బంద్ పెడదమని రోజు అనుకుంట. మళ్ల ఎవరో ఒకరు ఫోన్ చేస్తరు, “నాకు గొంతు లేదమ్మా, నేర్చుకోవచ్చా” అని. ఏమంట, రమ్మంట...

నువ్వు పో, సదువుకో. పరీక్ష అయితది, సర్కారు నౌకరి వస్తది. రేపు నీ బల్ల ముంగటికి ఎవరన్న మాట పెగలక నిలవడితె, జర ఆగి వినేదానివి గావాలె నువ్వు. సల్లగుండు బిడ్డా.